చెట్ల పని మొదలుపెట్టేటప్పుడు ముందు తాడు కొనండి, మిషన్ తర్వాత

విజయనగరం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "నాలుగేళ్లుగా వేరేవాళ్ల దగ్గర కొబ్బరి చెట్లు ఎక్కుతున్నాను, ఇళ్ల దగ్గర కొమ్మలు కొడుతున్నాను. ఇప్పుడు సొంతంగా పని పెట్టుకుందామనుకుంటున్నాను. చేతిలో రెండున్నర లక్షలు ఉన్నాయి. 70 సీసీ పెద్ద చైన్ సా ఒకటి, సెకండ్ హ్యాండ్ టాటా ఏస్ ఒకటి తీసుకుందామని ఉంది. ఇద్దరు బావమరుదులు తోడు వస్తారు. ఏ కంపెనీ మిషన్ మంచిది?"

తమ్ముడూ, మిషన్ గురించి చెప్తాను. కానీ మీ లెక్కలో మిషన్ ఉంది, బండి ఉంది. మీరు పైకి ఎలా ఎక్కుతారు, కోసిన కొమ్మ కిందికి ఎలా దిగుతుంది, పైన మీకేమైనా అయితే మిమ్మల్ని ఎవరు దింపుతారు, ఈ మూడింటికీ అందులో ఒక్క రూపాయి కూడా లేదు. నా సలహా ఏమిటంటే సగం డబ్బు వీటి మీదే పెట్టండి. మిషన్‌కి పావు వంతు చాలు. మిగిలింది చేతిలో ఉంచుకోండి.

ఎందుకంటున్నానో చెప్తాను. నేను ఈ పనిలోకి వచ్చింది హుద్‌హుద్ తర్వాత. 2014 అక్టోబరు 12న తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. మర్నాడు చూస్తే వీధికి పది చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. ఊరంతా చైన్ సాల చప్పుడే. మిషన్ ఉన్నవాడికి తిండి తినే తీరిక లేదు. నేనూ ఒక 58 సీసీ చైనా మిషన్ కొన్నాను, హార్డ్‌వేర్ షాపులో పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు ఒక చుట్ట తెచ్చుకున్నాను. పడిపోయిన చెట్లు కోయడానికి ఆ రెండూ సరిపోయాయి. నిలబడి ఉన్న చెట్టు మీద పని చేయడం వేరే పని అని తెలిసేసరికి మరో ఎండాకాలం వచ్చింది.

ఒక ఇంటి ప్రహరీ మీదికి వాలిన నిద్రగన్నేరు కొమ్మ అది. తాడు పై పంగలో వేసి, కొమ్మకి కట్టి, రెండో కొస కింద నా స్నేహితుడి చేతికిచ్చాను. కొమ్మ తెగింది, తాడు పంగ మీద జర్రున జారింది. కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. చూస్తుండగానే తాడు రిబ్బనులా చదునుగా అయిపోయి తెగింది. గోడ కూలింది, దాన్ని మళ్లీ కట్టించి ఇచ్చాం. నా స్నేహితుడి రెండు అరచేతుల మీద చర్మం లేచిపోయింది. పదిహేను రోజులు వాళ్లమ్మగారు అన్నం కలిపి తినిపించారు. ఆయన అప్పుడు కొమ్మ కిందే నిలబడి ఉంటే నేనీరోజు ఈ పనిలో ఉండేవాణ్ణి కాదు.

ఆ పసుపుపచ్చ, నీలం తాళ్లు పాలీప్రొపిలీన్‌వి. 165 డిగ్రీల దగ్గర కరిగిపోతాయి. బరువుతో బెరడు మీద వేగంగా జారితే ఆ వేడి పుట్టడానికి ఎంతోసేపు పట్టదు. పైగా ఎండకి పాడవుతాయి. డాబా మీద వేసవంతా పడేసిన తాడుని వేళ్లతో నలిపితే పొడి రాలడం మీరూ చూసే ఉంటారు. నైలాన్ గట్టిదే కానీ సాగుతుంది. దించేటప్పుడు కొమ్మ ఊగి మీరు అనుకోని చోటికి వెళ్తుంది, తడిస్తే బలం కొంత తగ్గుతుంది కూడా. కొమ్మలు దించడానికి పాలిస్టర్ అల్లిక తాడు తీసుకోండి, 14 లేదా 16 మిల్లీమీటర్లది. సాగడం తక్కువ, వేడిని బాగా తట్టుకుంటుంది.

బరువు సంగతి కూడా ఒకసారి లెక్క వేసుకోండి. అడుగు మందం, అయిదడుగుల పొడవు ఉన్న పచ్చి దుంగ వంద కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. అది మెల్లగా వేలాడితే తాడు మీద వంద కిలోలే. ఒక మీటరు జారి ఠక్కున ఆగితే అదే తాడు మీద ఎన్నో రెట్లు పడుతుంది. ముడి వేసిన చోట తాడు బలం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. అందుకే తాడు తెగే బరువులో పదో వంతుకి మించి ఎప్పుడూ వేలాడదీయకూడదు. కింద పట్టుకునే మనిషి చేతి బలం మీద అసలు ఆధారపడకండి. తాడుని చెట్టు మొదలుకి రెండు మూడు చుట్లు తిప్పి వదిలితే ఆ రాపిడే బరువు మోస్తుంది, మనిషి కొస మాత్రం ఆడిస్తే చాలు. తోలు గ్లవ్స్ వేసుకుని, తాడుని చేతికి చుట్టుకోకుండా పట్టుకోవాలి. పైన పంగలో తాడు నేరుగా జారకుండా ఒక గిలక కట్టండి, బరువుకి తగిన రేటింగ్ దాని మీద చెక్కి ఉన్నది. బావి గిలక పనికిరాదు.

ఇక ఎక్కే సామాను. మీరు కొబ్బరి చెట్టెక్కి వచ్చినవాళ్లు కాబట్టి ఇది కొంచెం గట్టిగా చెప్పాలి. కాళ్ల పట్టు మీద నమ్మకం మంచిదే, కానీ మిషన్ పట్టుకుంటే రెండు చేతులూ దానికే పోతాయి. షాపుల్లో దొరికే నారింజ రంగు సేఫ్టీ బెల్టు బిల్డింగు పనికి చేసింది. దాని కొక్కెం వీపు మీద ఉంటుంది. పడితే ఆపడం దాని పని, కూర్చోబెట్టడం కాదు. చెట్టు మీద మనకి కావాల్సింది తొడల పట్టీలు, నడుముకి రెండు పక్కలా రింగులు, ముందు వైపు ఒక రింగు ఉన్న హార్నెస్. ఎత్తైన బిల్డింగుల అద్దాలు తుడిచేవాళ్లు వాడే రకం దీనికి దగ్గరగా ఉంటుంది. మన ఊరి షాపుల్లో దొరకదు. పర్వతారోహణ సామాను, రోప్ యాక్సెస్ సామాను అమ్మేవాళ్ల దగ్గర తెప్పించుకోవాలి. ఖరీదు చూసి గుండె గుభేలుమంటుంది. అయినా కొనండి.

ఎక్కే తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్లది, మీద ఈఎన్ 1891 టైప్ ఏ (ఇలాంటి తాళ్లకి ఉన్న యూరప్ ప్రమాణం) అని రాసి ఉన్నది చూసుకోండి. అంటే కనీసం 22 కిలోన్యూటన్లు, మన లెక్కలో సుమారు 2,200 కిలోలు తట్టుకునేది. పొడవు మీరు ఎక్కే చెట్టుకి రెండింతలు, పైన కొంచెం. అరవై అడుగుల చెట్టుకి 40 మీటర్ల తాడు కావాలి, 45 ఉంటే నిశ్చింత. నడుముకి కట్టే చిన్న తాడు, అంటే లాన్యార్డ్, లోపల స్టీలు తీగ ఉన్నది తీసుకోండి. మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ మీరు రెండు చోట్ల కట్టుకుని ఉండాలి, పైన తాడు ఒకటి, నడుము దగ్గర లాన్యార్డ్ ఒకటి. మిషన్ జారి ఒకటి తెగినా రెండోది ఉంటుంది. ఎక్కే తాడుతో కొమ్మలు దించకండి, దించే తాడుతో ఎక్కకండి. రెండూ వేరే రంగులు కొనుక్కుంటే కంగారులో కూడా పొరపాటు రాదు.

హార్నెస్ ఒకటి కాదు, రెండు కావాలి. తాళ్లూ రెండు జతలు. "ఎక్కేది నేనొక్కణ్ణే కదా" అంటారు. మీరు పైన తేనెటీగలు కుట్టి స్పృహ తప్పారనుకోండి, చెయ్యి తెగిందనుకోండి. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్లలోంచి రక్తం సరిగ్గా పైకి రాదు, ప్రాణానికి ప్రమాదం నిమిషాల్లోనే మొదలవుతుంది. 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది, కానీ ఆ సిబ్బంది చెట్టెక్కరు. ఎక్కాల్సింది మీ బావమరిదే. ఆయనకి సామాను ఉండాలి, ఎక్కడం వచ్చి ఉండాలి, పని మొదలయ్యే ముందే రెండో తాడు పంగలో వేసి ఉండాలి. నాకు తెలిసిన చాలామంది కాంట్రాక్టర్లు పదేళ్ల అనుభవం ఉన్నా ఇది మాత్రం చేయరు. నాకు నిజంగా బాధగా ఉండే విషయం ఇదే.

కొబ్బరి ఎక్కే పని కూడా కొనసాగిస్తారు కాబట్టి ఒక మాట. మోకు వదిలేయమని అనను, దానికి తోడు ఒక సేఫ్టీ తాడు కలపమంటున్నాను. తెలంగాణలో గీత కార్మికులకి 2024లో కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఇందుకే, పట్టు తప్పినా మనిషి జారిపోకుండా. కొబ్బరి అభివృద్ధి బోర్డు కూడా చెట్టెక్కేవాళ్లకి శిక్షణ ఇస్తుంది, కేర సురక్ష అని బీమా ఉంది, కనుక్కోండి. ఇంకొకటి, మాను మీద రంధ్రాల నుంచి ఎర్రటి జిగురు కారుతుంటే, తట్టినప్పుడు బోలుగా వినిపిస్తే ఆ చెట్టు ఎక్కకండి. ఎర్ర ముక్కు పురుగు లోపలంతా తినేసి ఉంటుంది. బయటికి చెట్టు బాగానే కనిపిస్తుంది.

సరే, మిషన్. 70 సీసీ వద్దు. అది పడిపోయిన రావి, మర్రి మొదళ్లు కోసేవాళ్లకి. ఇళ్ల దగ్గర మీకొచ్చే పని వేప, మామిడి, తురాయి, కానుగ, అశోక, కొబ్బరి. వీటికి 45 సీసీ దగ్గర్లో, 16 లేదా 18 అంగుళాల బార్ (చైను తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న ఒక మిషన్ చాలు. స్టిల్ కంపెనీలో ఎంఎస్ 250 ఆ వరసలోది, 45.4 సీసీ, బార్, చైను కాకుండా 4.6 కిలోలు. హస్క్‌వార్నాలో కూడా ఆ సైజువి ఉన్నాయి. రెండిట్లో ఏదని నన్నడిగితే, మీ ఊళ్లో ఎవరి సర్వీస్ షాపు దగ్గరుందో, ఎవరి దగ్గర చైను, స్ప్రాకెట్, కార్బొరేటర్ కిట్ ఆ రోజే దొరుకుతాయో అదే తీసుకోండి. నిజంగా తేడా అక్కడే ఉంది. 16 అంగుళాల బార్‌తో రెండు వైపుల నుంచి కోస్తే రెండున్నర అడుగుల మాను వరకూ తెగుతుంది. అంతకంటే పెద్దది వస్తే పెద్ద మిషన్ రోజు అద్దెకి తెచ్చుకోండి.

58 సీసీ, 22 అంగుళాల బార్ అని తక్కువ ధరకి వచ్చే మిషన్లు మీకు ఆశ పెడతాయి. నేనూ దానితోనే మొదలుపెట్టానని చెప్పాను కదా. దాని చైన్ బ్రేకు ఆరో నెలలో పట్టడం మానేసింది. నేను గమనించనే లేదు. బార్ కొస పై భాగం ఏదైనా కొమ్మకి తగిలితే మిషన్ ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది, దాన్ని కిక్‌బ్యాక్ అంటారు. ఆ క్షణంలో కాపాడేది ఆ బ్రేకొక్కటే. చైను సెకనుకి ఇరవై మీటర్లకు అటూ ఇటూ తిరుగుతుంటుంది, తప్పుకునే టైము ఉండదు. ఏ మిషన్ కొన్నా రోజూ పొద్దున్న ఆన్ చేయగానే బ్రేకు ముందుకి తోసి చైను ఆగుతోందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లో వచ్చే 21 వోల్టుల బుల్లి బ్యాటరీ రంపాలు కూడా చాలావాటికి బ్రేకు ఉండదు, ఒంటి చేత్తో పట్టుకుంటారు. రెండో చెయ్యి కొమ్మ మీద ఉంటుంది. ప్రమాదం జరిగేది ఆ చేతికే. అలాగే పై హ్యాండిల్ ఉండే చిన్న మిషన్ మొదటి ఏడాది కొనొద్దు.

చెట్టు మీద పనికి ముందు ఒక మంచి చేతి రంపం కొనండి. లాగేటప్పుడు కోసే వంపు రంపం, జపాన్ రకం, 12 లేదా 13 అంగుళాలది, తొడకి కట్టుకునే ఒరతో. నాలుగంగుళాల లోపు కొమ్మ దానితో నిమిషంలో తెగుతుంది. స్టార్ట్ చేయక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు, కింద ఉన్నవాళ్ల మాట వినిపిస్తుంది. ఇప్పటికీ చెట్టు మీద నా పనిలో ఎక్కువ భాగం దానితోనే.

మిషన్‌తో పాటు గుండ్రటి ఆకురాళ్లు కొనడం మర్చిపోకండి. 45 సీసీ మిషన్లలో ఎక్కువగా వచ్చే .325 చైనుకి 4.8 మిల్లీమీటర్లది, చిన్న మిషన్ల సన్న చైనుకి 4 మిల్లీమీటర్లది. కోస్తుంటే రవ్వ పెచ్చులుగా రావాలి. పిండిలా వస్తుంటే చైను మొండిబారినట్టు. అప్పుడు బలం పెట్టి నొక్కుతాం, అక్కడి నుంచే ప్రమాదం మొదలవుతుంది. పెట్రోలు పోసిన ప్రతిసారీ పన్నుకి రెండు మూడు రుద్దులు రుద్దితే రోజంతా కొత్త చైనులా ఉంటుంది. కొబ్బరి మాను పీచు చైనుని త్వరగా పాడుచేస్తుంది, చింత ఇంకా గట్టిది. వీధి వేపచెట్టు అయితే కోసే ముందు బెరడంతా చేత్తో తడిమి చూడండి. బోర్డులు కొట్టిన మేకులు ఉంటాయి. ఒకసారి ఒక ఇంటి వెనక వేపలో బట్టలారేసే దండెం తీగ నాలుగంగుళాల లోతున దొరికింది, చెట్టు దాన్ని ఎప్పుడో మింగేసింది. చైనులో పదకొండు పళ్లు పోయాయి. అందుకే స్పేర్ చైన్లు రెండు సంచిలో ఉండాలి.

పెట్రోలులో మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ లీటరుకి 20 మిల్లీలీటర్లు, అదీ కొలిచి. కంటిచూపుతో కలపొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అది గాల్లో తేమని లాక్కుంటుంది. వానాకాలంలో పని లేక మిషన్ నెల రోజులు ఉండిపోయేట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు కూడా అయిపోయేదాకా నడిపి పెట్టండి. లేకపోతే కార్బొరేటర్ రిపేరుకి డబ్బులు పోస్తారు. చైను మీదకి మెకానిక్ షాపు నల్ల ఆయిల్ పోయకండి, అందులో ఇనుప రజను ఉంటుంది, చిమ్మి మన మొహం మీదే పడుతుంది.

ఒంటి మీదకి గడ్డం పట్టీ ఉన్న హెల్మెట్, కళ్లకి జాలీ, చెవులకి మఫ్స్. ఈ మిషన్ల చప్పుడు 100 డెసిబెల్స్ వరకూ వెళ్తుంది, చెవి పోవడం మెల్లగా జరుగుతుంది కాబట్టి ఎవరికీ తెలీదు. కాళ్లకి చైన్ సా ప్యాంటు. దాని లోపల పొరలు పొరలుగా ఉండే దారాలు చైనుకి చుట్టుకుని ఆపేస్తాయి. మన ఎండలకి అది వేసుకోవడం నరకమే. నేను చేసేది, మిషన్ పనంతా పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి పదకొండులోపు ముగించడం. ఎండలో మోసే పని, సర్దే పని పెట్టుకుంటాం.

కరెంటు తీగలు పక్కన ఉంటే మీ దగ్గర ఏ సామాను ఉన్నా సరిపోదు. 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల లైను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా కొడుతుంది. వెదురు గడకి కరెంటు రాదని నమ్మి పోయినవాళ్లు ఉన్నారు, పచ్చిదైనా తడిదైనా వస్తుంది. అల్యూమినియం నిచ్చెన మాట చెప్పనే అక్కర్లేదు. ఇంటాయన చేత కరెంటు ఆఫీసులో రాయించి, లైన్‌మన్ ఎల్‌సీ, అంటే లైనులో కరెంటు ఆపడానికి అనుమతి, తీసుకుని ఎదురుగా నిలబడితేనే ఎక్కండి. "అయిదు నిమిషాలే కదా" అంటారు. దిగిపోయి వచ్చేయండి.

టాటా ఏస్ ఇప్పుడు వద్దు. అద్దెకి ఎక్కడైనా దొరుకుతుంది. లావు దుంగలు కట్టెల అడితివాళ్లే వచ్చి పట్టుకుపోతారు, మొదటి నెలలోనే ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఉంచుకోండి. మిగిలే రెమ్మా ఆకూ ఎవరు తీయాలో, ఎక్కడ పడేయాలో రేటు చెప్పేటప్పుడే తేల్చుకోండి. ఇంటి పైకి వాలిన పెద్ద చెట్టు వస్తే హైడ్రా క్రేన్ అద్దె కూడా కలిపి చెప్పండి, కక్కుర్తి పడి తాళ్లతో సరిపెట్టొద్దు.

కాగితాల గురించి: చెట్టు మొత్తం కొట్టేయాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పర్మిషన్ ఉండాలి. అది ఇంటాయన పేరు మీద తెచ్చుకున్నాకే మిషన్ తీయండి, ఒక జిరాక్స్ మీ దగ్గర పెట్టుకోండి. ప్రధానమంత్రి సురక్ష బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి, ముగ్గురూ ఈ వారమే బ్యాంకులో కట్టించండి. పని నిలదొక్కుకున్నాక వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ కూడా తీసుకోండి.

సామాను వచ్చాక వెంటనే పని ఒప్పుకోకండి. మీ ఇంటి దగ్గర మామిడి చెట్టుకి ఆరడుగుల ఎత్తులో హార్నెస్‌లో వేలాడండి, చేతులు కాళ్లు కదపకుండా. పెద్ద బావమరిదిని రెండో తాడుతో ఎక్కించి, మిమ్మల్ని దింపమనండి. తర్వాత చిన్నాయన చేత. మొదటిసారి నాకు ఇరవై నిమిషాలు పట్టింది, ముడి విప్పడమే రాలేదు. అయిదు నిమిషాల్లో దింపడం ఇద్దరికీ వచ్చాక, మొదటి పనికి రేటు ఎలా చెప్పాలో అడగండి, అది వేరే పెద్ద సంగతి.